సోలార్ రేసు పడవకు హల్ ఎలా గీయాలి? తిరుపతి విద్యార్థులకు జవాబు

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుంది. తిరుపతి దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్న మీ టీమ్ వచ్చే ఏడాది సోలార్ పడవల పోటీకి వెళ్ళాలనుకుంటోంది. పడవ పొడవు ఐదున్నర మీటర్లు మించకూడదు. ప్యానెళ్ళు నాలుగు చదరపు మీటర్లు, బ్యాటరీ ఒక కిలోవాట్ అవర్, రేసు రెండు గంటలు. ఒక మీటరు వెడల్పు, చదునైన అడుగు, ముందు భాగం స్పీడ్‌బోటులా ఉండే బొమ్మ ఒకటి గీసి పెట్టారు. ఇది సరిపోతుందా, రెండు హల్స్ (హల్ అంటే నీళ్ళలో తేలే పడవ ఒళ్ళు) ఉండే క్యాటమరాన్ మేలా, నీటి కింద రెక్కల్లా ఉండి పడవను పైకి లేపే హైడ్రోఫాయిల్స్ పెట్టాలా, దేంతో కట్టాలి, ఎక్కడ టెస్ట్ చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

నా మాట ముందే చెప్పేస్తాను: ఆ బొమ్మను పక్కన పెట్టండి. సన్నటి రెండు హల్స్‌తో క్యాటమరాన్ కట్టండి. కానీ ఈ మాటను గుడ్డిగా తీసుకోవద్దు. హల్ ఆకారం గీతల దగ్గర మొదలు కాదు. ఎన్ని వాట్లు ఉన్నాయి, మొత్తం బరువు ఎంత, రెండు గంటలూ నిలకడగా ఏ వేగంతో పోగలం అన్న మూడు అంకెలు తేలితే ఆకారం చాలావరకు దానంతట అదే తేలుతుంది. ఇంటర్నెట్‌లో బాగున్న ఫొటో చూసి హల్ గీసి, తర్వాత మోటార్ వెతుక్కునే టీములు ఇక్కడే దెబ్బతింటాయి.

వాట్లతో మొదలుపెడదాం. నాలుగు చదరపు మీటర్ల మంచి మోనోక్రిస్టలైన్ సోలార్ ప్యానెళ్ళ రేటింగ్ 800 వాట్లు ఉంటుంది. ఆ రేటింగ్ 25 డిగ్రీల సెల్ వేడి దగ్గర ఇచ్చేది. మన తిరుపతి ఎండలో సెల్ 65 డిగ్రీలకు సులువుగా చేరుతుంది, డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం అక్కడే పోతుంది. పల్చటి మబ్బు, దుమ్ము కూడా కలుపుకుంటే నిలకడగా 600 వాట్లు అనుకోవడం న్యాయం. బ్యాటరీలో 80 శాతం వాడతాం అనుకుంటే రెండు గంటల పాటు నిలకడగా 400 వాట్లు వస్తాయి. మొత్తం 1000 వాట్లు. ఎంపీపీటీ (ప్యానెళ్ళ నుంచి వీలైనన్ని వాట్లు రాబట్టే పరికరం), వైర్ల దగ్గర 5 శాతం, మోటార్, కంట్రోలర్‌ల దగ్గర 15 శాతం, ప్రొపెల్లర్ దగ్గర 35 శాతం పోతే హల్‌ను నిజంగా ముందుకు నెట్టేది 525 వాట్లు. సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఈ అంకెను మీ వర్క్‌షాప్ గోడ మీద పెద్దగా రాసి పెట్టుకోండి.

ప్యానెళ్ళను వాలుగా పెట్టాలా అని మీలో ఒకరు అడిగారు. అక్కర్లేదు. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఇంకోసారి సూర్యుడు మధ్యాహ్నం మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ నెలల్లో చదునుగా పరిచిన ప్యానెల్‌కు మించింది లేదు. మీరు వాలు పెడితే దొరికేది కొద్ది వాట్లు, దాంతోపాటు గాలికి ఎదురు నిలబడే పలక ఒకటి. గాలి సంగతి కింద చెప్తాను.

ఇక బరువు. మీరు పెట్టిన లెక్కలో హల్ బరువు మాత్రమే ఉంది. మొత్తం పట్టిక వేయండి: లైఫ్ జాకెట్‌తో కలిపి డ్రైవర్ 65 కిలోలు, అద్దం, ఫ్రేమ్ ఉన్న రెండు ప్యానెళ్ళు 42, లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ 10, మోటార్, షాఫ్ట్, కంట్రోలర్ 15, సీటు, స్టీరింగ్, వైర్లు 13, హల్స్, అడ్డ దూలాలు కలిపి 55. మొత్తం 200 కిలోలు. అంటే పడవ 200 లీటర్ల నీళ్ళను పక్కకు తోయాలి. ఇకపై నా లెక్కలన్నీ దీని మీదే.

పడవను వెనక్కి లాగేవి ముఖ్యంగా రెండు. ఒకటి నీటి రాపిడి. ఇది తడిసే వైశాల్యాన్ని బట్టి, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండోది అలలు పుట్టించడానికి అయ్యే ఖర్చు. పడవ ముందుకు పోతూ తన వెంట ఒక అలను ఈడ్చుకుంటూ పోతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతూ పడవ పొడవును అందుకుంటుంది, అక్కడి నుంచి పడవ తన అల మీదే ఎక్కాల్సి వస్తుంది. విలియం ఫ్రూడ్ 1870లలో ఇంగ్లండ్‌లో చిన్న నమూనాలను నీటి తొట్టెలో లాగి ఈ రెండింటినీ విడదీసి లెక్కపెట్టే దారి చూపించాడు. ఇప్పటికీ మనం వాడేది ఆయన పేరుతో ఉన్న సంఖ్యనే: వేగాన్ని, గురుత్వ త్వరణాన్ని పొడవుతో గుణించి తీసిన వర్గమూలంతో భాగించడం. మామూలు వెడల్పున్న పడవకు ఈ సంఖ్య 0.4 దాటితే కష్టం మొదలవుతుంది. 0.5 దరిదాపుల్లో అల నిరోధం గట్టుగా నిలబడుతుంది.

మీ ఐదున్నర మీటర్ల పొడవుకు 0.4 అంటే సెకనుకు 2.9 మీటర్లు, గంటకు పదిన్నర కిలోమీటర్లు. 0.5 అంటే గంటకు 13 కిలోమీటర్ల పైచిలుకు. మీ 525 వాట్లతో మంచి హల్ చేరగల వేగం నా అంచనాలో గంటకు 13, 14 కిలోమీటర్ల మధ్య. అంటే మీ రేసంతా సరిగ్గా ఆ గట్టు మీదే నడుస్తుంది. దాన్ని దాటేసి నీటి మీద తేలిపోతూ పరుగెత్తే శక్తి మీ దగ్గర లేదు. స్పీడ్‌బోటు ముక్కు, వెడల్పాటి చదును అడుగు, నీళ్ళలో మునిగిన వెనక పలక, ఇవన్నీ ఆ పరుగు కోసం పుట్టిన ఆకారాలు. పదుల హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్నప్పుడు అవి సరైనవే. మీ దగ్గరున్నది ఒక హార్స్‌పవర్ కూడా కాదు.

నిబంధన ఒప్పుకున్నంత పొడవు వాడుకోండి, చివరి సెంటీమీటరు దాకా. అందుకే ముందు మొన నిట్టనిలువుగా ఉండాలి. ముందుకు వాలిన మొన చూడడానికి అందంగా ఉంటుంది గానీ, నిబంధన కొలిచే పొడవులో ముప్పై నలభై సెంటీమీటర్లు గాలిలో వృథాగా వేలాడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, అడ్డకోత ఆకారం. నాకు బాగా ఇష్టమైన లెక్క ఇది. కాగితం తీసుకుని మీరూ చేసి చూడండి. 200 లీటర్లను ఐదున్నర మీటర్ల పొడవు మీద పంచాలి. రెండు కొసలూ సన్నబడతాయి కాబట్టి ప్రిస్మాటిక్ కోఎఫిషెంట్ (నడుమ అడ్డకోతే పొడవంతా ఉంటే తోసే నీటిలో, నిజంగా తోసేది ఎన్నో వంతు అన్న సంఖ్య) 0.6 అనుకుంటే, నడుమ దగ్గర మునిగిన అడ్డకోత వైశాల్యం 0.06 చదరపు మీటర్లు వస్తుంది. ఆ 0.06ను ఏ ఆకారంలో పెడితే తడిసే చుట్టుకొలత తక్కువ? అర్ధవృత్తం. దాని వ్యాసార్థం ఇరవై సెంటీమీటర్లు, తడిసే చుట్టుకొలత 62 సెంటీమీటర్లు. అదే 0.06ను మీరు గీసినట్టు ఒక మీటరు వెడల్పు చదును అడుగుతో పెడితే మునిగే లోతు ఆరు సెంటీమీటర్లు, తడిసే చుట్టుకొలత 112 సెంటీమీటర్లు. అదే బరువుకు దాదాపు రెండింతల చర్మం నీళ్ళలో రుద్దుకుంటూ పోతోంది. రెండు అర్ధవృత్తాల క్యాటమరాన్‌కు రెండూ కలిపి 87 సెంటీమీటర్లు. చూశారా, రెండు హల్స్ ఉన్నా మీ ఒంటి హల్ కంటే తక్కువే తడుస్తుంది.

"అయితే అర్ధవృత్తపు ఒంటి హల్‌నే కడదాం కదా, అది 62 కదా" అంటారు. అందరూ ఇక్కడికే వస్తారు. అర్ధవృత్తం పక్కకు ఒరిగినా నీళ్ళలో మునిగిన ఆకారం మారదు. నీరు పైకి నెట్టే బలం ఎప్పుడూ వృత్తకేంద్రం గుండానే పోతుంది. ఆ కేంద్రం సరిగ్గా నీటి మట్టం దగ్గర ఉంది. అంటే పడవ మొత్తం గరిమనాభి నీటి మట్టం కంటే కింద ఉంటేనే అది నిలబడుతుంది. పైన 42 కిలోల ప్యానెళ్ళు, 65 కిలోల మనిషి పెట్టి గరిమనాభిని నీటి కిందికి తేవడం మీ వల్ల కాదు. ఒడ్డున కట్లు విప్పగానే బోల్తా పడుతుంది. పక్కన రెండు చిన్న తేలుడు గొట్టాలు కట్టి దాన్ని నిలబెట్టవచ్చు, అది కూడా మంచి దారే, కానీ ఆ గొట్టాల రాపిడి, వాటి చేతుల బరువు వచ్చి చేరతాయి. మన గోవిందరాజస్వామి తెప్పోత్సవంలో తెప్పకు కావలసింది కదలకుండా నిలబడటం, అందుకే దాన్ని వెడల్పుగా కడతారు. మీకు నిలకడా కావాలి, వేగమూ కావాలి. ఒకే హల్‌ను వెడల్పు చేసి నిలకడ తెచ్చుకుంటే వేగం పోతుంది. రెండు సన్న హల్స్‌ను దూరంగా పెడితే నిలకడ ఆ దూరం నుంచి వస్తుంది, హల్ సన్నగానే ఉండిపోతుంది.

అల విషయంలో క్యాటమరాన్‌కు ఇంకో లాభం ఉంది. ఒకే పొడవు, ఒకే వేగం దగ్గర, సన్నటి హల్ పుట్టించే అల నిరోధం సుమారుగా అది తోసే నీటి వర్గాన్ని బట్టి ఉంటుంది. బరువును రెండుగా పంచితే ఒక్కో హల్ నిరోధం నాలుగో వంతు, రెండూ కలిపి సగం. రాపిడి మాత్రం 41 శాతం పెరుగుతుంది, ఎందుకంటే తడిసే వైశాల్యం రెండు వర్గమూలం రెట్లు అవుతుంది. కాబట్టి అర్ధవృత్తపు ఒంటి హల్‌లో అల నిరోధం రాపిడిలో 83 శాతం దాటితే క్యాటమరాన్ గెలుస్తుంది, దాటకపోతే ఓడిపోతుంది. మెల్లగా పోయే పడవకు ఒంటి హల్ మేలు. మీ వేగం దగ్గర రెండూ దాదాపు సమం, కాస్త క్యాటమరాన్ వైపు మొగ్గు. నిలకడ ఉచితంగా వస్తోంది, ప్యానెళ్ళు పరచడానికి చదునైన వేదిక కూడా ఉచితంగా వస్తోంది. అందుకే నా ఓటు దానికి. రెండు హల్స్ మధ్య అలలు కొట్టుకోకుండా నడిమి గీత నుంచి నడిమి గీతకు 1.6 నుంచి 1.8 మీటర్ల దూరం ఉంచండి, పొడవులో మూడో వంతు దరిదాపుల్లో.

తక్కువ వాట్లతో ఎక్కువ పని చేయాల్సిన వాళ్ళంతా ఇటే రావడం మీరు గమనించవచ్చు. కేరళలో వైక్కం, తవణక్కడవు మధ్య 2017 జనవరి నుంచి తిరుగుతున్న ఆదిత్య, 75 మందిని మోసే మన దేశపు తొలి సోలార్ ఫెర్రీ, క్యాటమరానే. 2010లో బయల్దేరి 2012 మేలో ప్రపంచాన్ని చుట్టి మొనాకోకు తిరిగొచ్చిన ప్లానెట్ సోలార్ పడవ 537 చదరపు మీటర్ల ప్యానెళ్ళను మోసింది సన్నటి హల్స్ మీదే. కోయంబత్తూరు కుమరగురు కాలేజీ విద్యార్థులు వెళ్ళిన మొనాకో ఎనర్జీ బోట్ ఛాలెంజ్‌లో, ఎనర్జీ క్లాస్ టీములన్నిటికీ నిర్వాహకులే ఒకే రకం క్యాటమరాన్ హల్స్ ఇస్తారు. కాక్‌పిట్, మోటార్ వ్యవస్థ మాత్రమే టీములు తయారు చేసుకోవాలి.

హైడ్రోఫాయిల్స్ గురించి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విద్యార్థులు హైడ్రోఫాయిల్స్ మీద ఎగిరే సోలార్ పడవలు అద్భుతంగా కట్టారు, నాకూ చూస్తే ముచ్చటేస్తుంది. కానీ నీటి మీదికి లేవాలంటే ముందు ఆ గట్టును పూర్తి బరువుతో దాటాలి, లేచాక ఎత్తును నిలబెట్టే కంట్రోల్ కావాలి, ఫాయిల్స్ కార్బన్ ఫైబర్‌తో గట్టిగా కట్టగలగాలి. మొదటి ఏడాది వద్దు. మంచి తేలే హల్ ఒకటి కట్టి, దాని నిరోధాన్ని కొలిచి, రెండో ఏడాది దాని కిందే ఫాయిల్స్ పెట్టే ఆలోచన చేయండి.

అర్ధవృత్తం కట్టడం కష్టమనిపిస్తే బెంగ పడకండి. ప్లైవుడ్‌ను గుండ్రంగా వంచలేం కాబట్టి మూడు పలకలతో సగం షడ్భుజి చేయండి: కింద ఒక పలక, రెండు పక్కలా బయటికి వాలిన పలకలు. అదే వైశాల్యానికి దాని చుట్టుకొలత అర్ధవృత్తం కంటే 5 శాతమే ఎక్కువ. లోతుకు రెండింతలు వెడల్పున్న పెట్టె ఆకారానికి 13 శాతం ఎక్కువ, 90 డిగ్రీల వి ఆకారానికీ సరిగ్గా అదే 13 శాతం. వి అడుగు నీటిని కోసుకుపోతుందని చాలామంది నమ్మకం. మీ వేగంలో దాని వల్ల పెరిగేది తడిసే చర్మం మాత్రమే.

కొసల సంగతి త్వరగా చెప్పేస్తాను. ముందు మొన నీటిని చీల్చే కోణం, నడిమి గీత నుంచి ఒక్కో వైపు ఎనిమిది పది డిగ్రీలు మించకూడదు. ఎక్కువ వెడల్పు సరిగ్గా నడుమ గానీ దానికి కొంచెం వెనక గానీ ఉండాలి. వెనక పలక నీళ్ళలో మునగకూడదు, దాని కింది అంచు నీటి మట్టాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. పడవ వెనక సుడులు తిరుగుతూ నురగ వస్తోందంటే ఆ నురగలో పోతున్నవి మీ వాట్లే.

బరువు మీద ఇంకొక్క మాట, ఎందుకంటే అందరూ తేలిగ్గా తీసుకునేది దీన్నే. అద్దం ప్యానెళ్ళ బదులు వంగే ప్యానెళ్ళు పెడితే 30 కిలోలు తగ్గుతాయి. 200లో 30 అంటే 15 శాతం. హల్‌ను ఆ బరువుకు తగ్గట్టు సన్నంగా గీస్తే రాపిడి 8 శాతం, అల నిరోధం 28 శాతం తగ్గుతాయి. ఏ గీతల కంప్యూటర్ ప్రోగ్రామూ మీకు ఇంత లాభం తెచ్చివ్వదు. వంగే ప్యానెళ్ళు ఖరీదు ఎక్కువ, వేడికి త్వరగా పాడవుతాయి, నిజమే. కింద గాలి ఆడేలా రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ వదలండి. బడ్జెట్ ఒప్పుకుంటే నేనైతే డబ్బు ఇక్కడే పెడతాను, ఖరీదైన మోటార్ మీద కాదు.

కట్టడానికి ఐఎస్ 710 మార్క్ ఉన్న నాలుగు మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ సరిపోతుంది. కొనేటప్పుడు మార్క్ ఒక్కటే చూడకండి, ఒక ముక్క అడిగి తెచ్చుకుని నీళ్ళలో ఉడకబెట్టి పొరలు విడిపోతున్నాయేమో చూడండి. పలకలు కోసి, అంచుల్లో చిన్న రంధ్రాలు చేసి, రాగి తీగతో కుట్టి, లోపలి మూలల్లో ఎపాక్సీ (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్) ముద్ద నింపి, పైన గ్లాస్ టేప్ వేసి, తీగలు తీసేసే పద్ధతి మీకు అన్నిటికన్నా సులువు. దీనికి అచ్చు అక్కర్లేదు. బయటి వైపు 200 గ్రాముల నేత గ్లాస్ క్లాత్ ఒక పొర చాలు. సముద్రం మీది ఫైబర్ పడవల్లో వాడే చాప లాంటి మ్యాట్ వద్దు. నేత క్లాత్ తన బరువంత రెసిన్ తాగితే, మ్యాట్ తన బరువుకు రెండింతల పైనే తాగుతుంది. చేపల పడవకు ఆ మందం కావాలి, రోజూ ఇసుక మీద ఈడుస్తారు కాబట్టి. మీకు అక్కర్లేదు.

ఫోమ్ సాండ్‌విచ్, అంటే రెండు గ్లాస్ పొరల మధ్య ఫోమ్ పలక, చేద్దామా అన్నారు. వ్యాక్యూమ్ బ్యాగింగ్ (సంచిలో పెట్టి గాలి లాగేసి పొరలను అదమడం) లేకుండా చేత్తో వేస్తే ఫోమ్ రంధ్రాలు రెసిన్ తాగేసి చివరికి నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్ బరువుకు దగ్గర్లోనే తేలుతుంది. వ్యాక్యూమ్ పంపు, సంచి ఏర్పాటు ఉంటేనే అటు వెళ్ళండి. థర్మోకోల్ మీద మాత్రం పాలిస్టర్ రెసిన్ పోయకండి, కళ్ళముందే కరిగిపోతుంది. దాని మీద ఎపాక్సీయే వాడాలి.

మన ఊరి వేడికి ఎపాక్సీతో జాగ్రత్త. వేడి పది డిగ్రీలు పెరిగితే కలిపిన రెసిన్ వాడుకునే టైమ్ సుమారు సగం అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కప్పులో కలిపితే బ్రష్ ముంచేలోపే పొగలు వస్తుంది. స్లో హార్డెనర్ అడిగి తెచ్చుకోండి, పని తెల్లవారుజామున గానీ రాత్రి గానీ పెట్టుకోండి, లోతైన కప్పులో కాకుండా వెడల్పాటి ట్రేలో కొంచెం కొంచెంగా కలపండి. నవంబరు, డిసెంబరు వానల్లో ఇంకో తంటా: గాలిలో తేమకు గట్టిపడిన ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు పొర వస్తుంది. నీళ్ళతో, స్క్రబ్‌తో కడిగి ఆరబెట్టాకే తర్వాతి పొర వేయాలి, లేకపోతే అది ఊడొస్తుంది. పైన రంగు తెలుపే వేయండి. మామూలు ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, నల్లటి డెక్ మన ఎండలో ఆ వేడిని సునాయాసంగా దాటుతుంది. మాస్క్, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ రెసిన్ దగ్గరికి రానివ్వకండి. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే వదలదు.

ఒక్కో హల్‌లో మూడు నాలుగు అడ్డగోడలు పెట్టి గదులుగా విడదీయండి. ఒక గదికి చిల్లు పడినా పడవ మునగదు, తనిఖీ చేసేవాళ్ళు కూడా ఇదే అడుగుతారు. హల్స్‌ను కలిపే దూలాలకు అల్యూమినియం గొట్టాలు వాడండి. ఒక హల్ పైకి, ఇంకోటి కిందికి మెలితిరిగే ఒత్తిడి పడేది ఈ దూలాల మీదే. ప్యానెళ్ళను నేరుగా దూలాలకు బిగించకండి, ఆ మెలి అద్దానికి చేరితే సెల్స్ పగుళ్ళు పడతాయి. మధ్యలో రబ్బరు వాషర్లు వేయండి.

ప్రొపెల్లర్ పెద్దది, మెల్లగా తిరిగేది కావాలి. చేపలు పట్టే ట్రోలింగ్ మోటార్‌తో వచ్చే ప్రొపెల్లర్ గంటకు ఎనిమిది కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, దాని పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు పోయే దూరం) అంతే. మీకు ముప్పై సెంటీమీటర్ల దరిదాపుల్లో వ్యాసం, 14 కిలోమీటర్ల వేగానికి తగ్గ పిచ్ ఉన్నది కావాలి. రెండు హల్స్ మధ్యలో, నీటి పైనుంచి గాలి పీల్చనంత లోతులో పెట్టండి. దీని గురించి విడిగా అడగండి, ఇక్కడ రాస్తే ఇంకో ఇంత అవుతుంది.

గాలి సంగతి చెప్తానన్నాను. డ్రైవర్, సీటు, దూలాలు, ప్యానెల్ అంచులు అన్నీ కలిపి ఎదురుగా 0.8 చదరపు మీటర్లు కనిపిస్తే, పడవ వేగం కూడా కలుపుకుని సెకనుకు ఎనిమిది మీటర్ల ఎదురుగాలిలో లాగుడు 25 న్యూటన్ల దాకా వస్తుంది. నీటి నిరోధం మొత్తం 125 న్యూటన్ల చుట్టుపక్కల ఉండే పడవకు ఇది చిన్న విషయం కాదు. డ్రైవర్‌ను పడుకోబెట్టినంత వాలుగా, కాళ్ళు ముందుకు చాపి కూర్చోబెట్టండి. డెక్ మీద నిలువుగా నిలబడే ప్రతి వస్తువునూ "ఇది ఇక్కడ ఎందుకు?" అని అడగండి.

కట్టే ముందు నమూనా చేయండి. ఐదో వంతు సైజు, అంటే 1.1 మీటర్ల పొడవు. బరువు 125 రెట్లు తగ్గించి 1.6 కిలోలు, వేగం ఐదు వర్గమూలంతో భాగించి సెకనుకు 1.7 మీటర్లు. అలల తీరు పెద్ద పడవలో ఎలా ఉంటుందో అలాగే కనిపిస్తుంది. రాపిడి మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గదు, దాన్ని విడిగా లెక్కగట్టి తీసేయాలి. నమూనా మొన దగ్గర సన్నటి ఇసుక పట్టీ అంటించండి, నీటి ప్రవాహం పెద్ద పడవ దగ్గరలాగా అల్లకల్లోలంగా మారుతుంది. కంప్యూటర్‌లో చూడాలంటే మిచ్‌లెట్ అనే ప్రోగ్రామ్ ఉంది. ఆస్ట్రేలియా గణిత శాస్త్రవేత్త మిచెల్ 1898లో ఇచ్చిన అల నిరోధం సూత్రం మీద అది నడుస్తుంది, మీలాంటి సన్నటి హల్స్‌కు సరిగ్గా సరిపోతుంది. మీ కాలేజీ ద్వారా ఉత్తరం పెట్టగలిగితే చెన్నైలో ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజినీరింగ్ విభాగానికి నమూనాలు లాగే తొట్టె ఉంది, అడిగి చూడండి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగల దూరం.

పెద్ద పడవ తయారయ్యాక మొదటిసారి నీళ్ళలో దించేటప్పుడు మనిషిని ఎక్కించకండి. 20 లీటర్ల వాటర్ క్యాన్లు నింపి డ్రైవర్, బ్యాటరీ ఉండే చోట పెట్టండి, క్యాన్ ఇరవై కిలోలు. నీటి మట్టం మీరు గీసిన గీత మీదే ఉందా, ముందుకు గానీ వెనక్కి గానీ వాలిందా చూడండి. వెనక పలక మునుగుతుంటే బ్యాటరీని ముందుకు జరపండి. అందుకే బ్యాటరీ పెట్టెను మీటరు దూరం అటూ ఇటూ జరిగే పట్టాల మీద పెట్టమంటాను. తర్వాత ఇంకో పడవకు పొడవాటి తాడు, మధ్యలో వేలాడే డిజిటల్ కాటా కట్టి లాగించండి. లాగే పడవ అలలో కాకుండా పక్కకు వచ్చేలా చూసుకోండి. గంటకు 14 కిలోమీటర్ల దగ్గర కాటా 13 కిలోల చుట్టుపక్కల చూపిస్తే మీరు బాగా కట్టినట్టే. 18 చూపిస్తే ఎక్కడో మునగకూడనిది మునుగుతోంది, లేదా బరువు పట్టికలో రాయనిది ఏదో ఎక్కింది.

ఎక్కడ టెస్ట్ చేయాలన్నది మీరు చివర అడిగారు గానీ, అది అంత చిన్న ప్రశ్న కాదు. లోతు తక్కువ నీళ్ళలో అల వేగానికి ఒక హద్దు ఉంటుంది: లోతును గురుత్వ త్వరణంతో గుణించి తీసిన వర్గమూలం. ఒక మీటరు లోతులో అది గంటకు 11 కిలోమీటర్లు. పడవ ఆ వేగాన్ని చేరే కొద్దీ నిరోధం విపరీతంగా పెరుగుతుంది. పులికాట్ సరస్సు చాలా చోట్ల మీటరు లోతే. తడ దగ్గర నీళ్ళు విశాలంగా ఉన్నాయి కదా అని అక్కడ కొలిస్తే మీ వేగానికి కాటా చూపే అంకెలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. పైగా అది పక్షుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి కావాలి, ఫ్లెమింగోలు దిగే చలికాలంలో అసలు అడగకపోవడమే మర్యాద. మీ వేగానికి కనీసం నాలుగైదు మీటర్ల లోతు ఉండాలి. కల్యాణి డ్యామ్ లోతు సరిపోతుంది గానీ అది తిరుపతి, తిరుమల తాగే నీళ్ళు. బ్యాటరీ, గ్రీజు ఉన్న పడవను దించుతామంటే ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోకపోవడమే సరైనది కూడా. పిచ్చాటూరు దగ్గర అరణియార్ జలాశయం వానలు పడ్డాక, జనవరి, ఫిబ్రవరిలో చూడండి. జలవనరుల శాఖకు కాలేజీ లెటర్‌హెడ్ మీద ముందే దరఖాస్తు పెట్టండి, ఊరి జాలర్లతో మాట్లాడి వాళ్ళ పడవ ఒకటి రక్షణకు పక్కన ఉండేలా చూసుకోండి. వలలు ఎక్కడ వేశారో కూడా వాళ్ళే చెప్పగలరు. ఈత వచ్చినవాళ్ళకు కూడా లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఒడ్డున ఉన్నవాళ్ళ చేతిలో మోటార్‌ను ఆపే ఏర్పాటు ఉండాలి.

ప్యానెళ్ళు వంగేవా, అద్దానివా అన్నది ముందు తేల్చుకోండి, ఎందుకంటే 170 కిలోలకు గీసే హల్ వేరు, 200 కిలోలకు గీసేది వేరు. అది తేలాక బరువుల పట్టిక, పొడవునా పది చోట్ల అడ్డకోతల బొమ్మలు ఇక్కడ పెట్టండి. గరిమనాభి ఎక్కడ పడుతుందో, వెనక పలక ఎంత లేస్తుందో చూసి చెప్తాను.